మిల్లు ఖాళీయే... లోడ్ మాత్రం దిగదు!

మా వైపు లోడ్ అన్న మాటకి అర్థం ఎవరూ అడగరు. ఇసక లోడ్, ఇటుకల లోడ్, ధాన్యం లోడ్. ట్రాక్టరు మీదకి ఎత్తేది, మిల్లు దగ్గర దించేది. నా ఉద్యోగంలోనూ రోజంతా నలిగేది అదే మాట. కాకపోతే అక్కడి లోడ్ భుజానికెత్తుకునేది కాదు, నల్లటి తెర మీద మూడు అంకెలుగా కనిపించేది. ఆ అంకెలు పెరిగితే అమెరికాలో క్లయింటుకి కోపం వస్తుంది, హైదరాబాద్‌లో మా మేనేజర్‌కి చెమటలు పడతాయి, ఇక్కడ రాజాం దగ్గర పల్లెటూళ్లో నాకు అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.

నేను లినక్స్ సర్వర్లని కనిపెట్టుకుని ఉండే ఇంజినీర్‌ని. విజయనగరంలో బీటెక్ చేశాను. రెండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాక 2020 లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చాను. తర్వాత కంపెనీ రమ్మని గట్టిగా అడగలేదు, నేనూ వస్తానని గట్టిగా అనలేదు. అలా ఉండిపోయాను. మేం కదలకపోయినా మా జిల్లా మాత్రం కదిలింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. మా నాన్న ఇప్పటికీ ఎవరైనా అడిగితే "మాది సికాకులం" అనే చెబుతాడు. నా ఉద్యోగం గురించి అడిగితే అమ్మ చెప్పే సమాధానం ఒకటుంది: "రాత్రుళ్లు కంప్యూటర్లకి కాపలా కాస్తాడమ్మా." ఇంతకన్నా సరైన జాబ్ డిస్క్రిప్షన్ మా హెచ్‌ఆర్ వాళ్లు కూడా రాయలేరు.

ఆ కాపలాలో మొదట చూసేది లోడ్ యావరేజ్. సర్వర్‌లోకి వెళ్లి 'అప్‌టైమ్' అని కొడితే చివర మూడు అంకెలు వస్తాయి. మొదటిది గత ఒక నిమిషానిది, రెండోది 5 నిమిషాలది, మూడోది 15 నిమిషాలది. చాలామంది దీన్ని శాతం అనుకుంటారు. కాదు. ఇది తలల లెక్క. సర్వర్‌లో పని చేసుకుంటున్నవి, పని కోసం వరసలో నిలబడినవి కలిపి సగటున ఎన్ని ప్రాసెస్‌లు ఉన్నాయో చెప్పేది. మిల్లు భాషలో చెప్పాలంటే కాటా మీదున్న ట్రాక్టరు, దాని వెనకాల ఆగిన ట్రాక్టర్లు, అన్నీ కలిపి ఎన్ని అని.

కాబట్టి 4 అన్న అంకె మంచిదా చెడ్డదా అంటే, ముందు కాటాలెన్నో చెప్పమనాలి. ఒకటే కాటా ఉంటే ఒకటి తూగుతోంది, మూడు ఆగాయి. నాలుగు కాటాలుంటే నాలుగూ తూగుతున్నాయి, ఎవరూ ఆగలేదు. పదహారు ఉంటే పన్నెండు కాటాల దగ్గర కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. సర్వర్‌లో ఈ కాటాలే కోర్లు. కోర్ల సంఖ్య తెలీకుండా లోడ్ చూసి కంగారు పడటం, ఎకరాలెన్నో అడక్కుండా దిగుబడి విని నోరెళ్లబెట్టడం లాంటిదే.

యావరేజ్ అన్నారు కదా అని మామూలు సగటు అనుకోకూడదు. లినక్స్ ఐదేసి సెకన్లకోసారి తలలు లెక్కపెట్టి, పాత లెక్కని కొంచెం తగ్గించి, కొత్తదాన్ని కలుపుతుంది. పసుపు మరక ఉతికిన కొద్దీ వెలిసినట్టు పాత లెక్క నెమ్మదిగా పలచబడుతుంది తప్ప ఒక్కసారిగా పోదు. ఖాళీగా ఉన్న సర్వర్‌లో ఒక్క ప్రాసెస్‌ని నిమిషం పాటు ఆపకుండా పరిగెత్తించండి. ఒక నిమిషం అంకె 1 చూపించాలి కదా? 0.63 దగ్గరే ఉంటుంది. ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న అడిగితే నూటికి తొంభై మంది తడబడతారు. అడిగేవాళ్లలో కొందరికి కూడా తెలీదనుకోండి, అది వేరే సంగతి.

నిజానికి మూడు అంకెల్నీ విడిగా కాదు, వరసగా చదవాలి. ఎడమ పక్కది పెద్దగా, కుడి పక్కది చిన్నగా ఉంటే రద్దీ ఇప్పుడే పెరుగుతోంది. తిరగబడి ఉంటే తగ్గుముఖం పట్టింది. రెండో సందర్భంలో కంగారుపడి లాగిన్ అయితే చూడ్డానికి ఏమీ మిగలదు.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. నేను చెప్పాలనుకున్నది 2024 డిసెంబరులో ఒక మంగళవారం రాత్రి సంగతి.

ఆ సర్వర్ ఒక డయాగ్నస్టిక్ సంస్థది. రక్తపరీక్షల రిపోర్టులు తయారుచేసి డాక్టర్లకి పంపుతుంది. మనకి అర్ధరాత్రి అంటే వాళ్లకి మధ్యాహ్నం, పేషెంట్లు నిండుగా ఉండే సమయం. ఎనిమిది కోర్ల మెషిన్. అంకెలు 52, 38, 17. ఎడమ నుంచి కుడికి చూస్తే ఎక్కుతున్న తీరు తెలిసిపోతోంది. అరనిమిషంలో రావాల్సిన రిపోర్టు పది నిమిషాలైనా రావట్లేదు. ఎక్కడో ఎమర్జెన్సీ వార్డులో ఎవరిదో పొటాషియం రిపోర్టు కోసం డాక్టరు ఎదురుచూస్తుంటాడు. అటువైపు మనుషులున్నారని గుర్తొచ్చినప్పుడు ఈ పనిలో వేళ్లు కొంచెం వణుకుతాయి.

కాల్‌లో అప్పటికే పదకొండు మంది చేరారు. మా మేనేజర్ మంచివాడే, కానీ ఎర్ర అంకె కనిపిస్తే ఆగలేడు. "ఎనిమిదికి యాభై రెండు! మెషిన్ సరిపోవట్లేదు. పదహారు కోర్లకి మార్చేద్దాం, క్లయింట్ అప్రూవల్ నేను తీసుకుంటా" అన్నాడు. మార్చాలంటే సర్వర్ ఆపాలి. నెల అద్దె రెట్టింపవుతుంది. అప్పటికే బడ్జెట్ ఎక్కువవుతోందని క్లయింట్ సణుగుతున్నాడు. ఆ ఖర్చు రేపు ఎవరి ఉద్యోగం మీదకొస్తుందో మా టీమ్‌లో అందరికీ తెలుసు. కాంట్రాక్టు మీదున్న ఇద్దరు కుర్రాళ్ల మీదకి.

ఒక్క ఐదు నిమిషాలు ఇమ్మన్నాను. 'టాప్' కొట్టి చూస్తే సీపీయూ నూటికి ఏడు పాళ్లే పని చేస్తోంది. మిగతాదంతా ఖాళీ, అందులోనూ సింహభాగం 'వెయిట్' కింద ఉంది. ఎనిమిది కాటాలూ ఖాళీ, వాకిట్లో మాత్రం 52 ట్రాక్టర్లు.

ఇలా ఎందుకుంటుందో తెలియాలంటే 1993కి వెళ్లాలి. అంతకు ముందు నుంచీ ఉన్న యూనిక్స్ పద్ధతిలో లోడ్ అంటే సీపీయూ మీదున్నవీ, సీపీయూ కోసం ఆగినవీ మాత్రమే. లినక్స్ పుట్టిన రెండేళ్లకి, 1993 అక్టోబరులో, మథియాస్ ఉర్లిక్స్ అనే ప్రోగ్రామర్ ఒక మార్పు పంపించాడు. అతని వాదన సూటిగా ఉంటుంది. వేగంగా పనిచేసే డిస్కు తీసేసి నత్తనడక డిస్కు పెడితే సిస్టమ్ నెమ్మదిస్తుంది. మరి లోడ్ పెరగాలా, తగ్గాలా? పెరగాలి. కానీ పాత లెక్కలో తగ్గుతుంది, ఎందుకంటే అందరూ డిస్కు దగ్గర ఆగిపోయారు, సీపీయూ వరసలో ఎవరూ లేరు. ఇది అన్యాయం, డిస్కు దగ్గర ఆగినవాళ్లనీ లెక్కలో కలపాలన్నాడు. కలిపారు. అప్పట్నుంచి లినక్స్ లోడ్ సీపీయూ లోడ్ కాదు, మొత్తం సిస్టమ్ లోడ్. ఈ చరిత్రంతా దాదాపు మరుగున పడిపోతే 2017లో బ్రెండన్ గ్రెగ్ అనే పెర్ఫార్మెన్స్ ఇంజినీర్ పాత మెయిళ్ల గుట్టలు తవ్వి ఆ మార్పుని వెతికి పట్టుకున్నాడు. 24 ఏళ్ల తర్వాత ఉర్లిక్స్‌కే మెయిల్ రాసి అడిగితే ఆయన జవాబు కూడా ఇచ్చాడు. నాకు ఇలాంటి సంగతులంటే పిచ్చి. మనం రోజూ చూసే అంకె వెనక ఒక మనిషి చిరాకు ఉందని తెలిస్తే ఆ అంకె మీద కొంచెం ప్రేమ పుడుతుంది.

అలా ఆగిపోయిన ప్రాసెస్‌ల పక్కన 'డి' అన్న అక్షరం ఉంటుంది. ఊరికే నిద్రపోయేవాటికి 'ఎస్'. 'ఎస్' అంటే ట్రాక్టరు ఇంటి దగ్గర పెట్టి "పిలిస్తే వస్తాం" అని వెళ్లినవాడు. వాడు లెక్కలోకి రాడు. 'డి' అలా కాదు. వరసలోంచి బయటికి రాలేడు, ముందుకీ వెళ్లలేడు. ఆ స్థితిలో ఇరుక్కున్న ప్రాసెస్‌కి చావు కబురు పంపినా చాలాసార్లు వినిపించుకోదు. అది ఎదురుచూస్తున్నదేదో రావాలి, అంతే.

ఆ రాత్రి మా సర్వర్‌లో 'డి'లో ఉన్నవి 46. అన్నీ ఒకే డిస్కు దగ్గర. క్లౌడ్‌లో అద్దెకు దొరికే డిస్కుల్లో కొన్నిటికి ఒక పద్దు ఉంటుంది. తక్కువ వాడినంత కాలం క్రెడిట్లు జమవుతాయి. అవసరమైనప్పుడు వాటిని ఖర్చుపెట్టి వేగంగా పరిగెత్తొచ్చు. క్రెడిట్లు అయిపోయాయా, ఇక దాని అసలు వేగమే దిక్కు, అంటే నడకే. పాత రిపోర్టులన్నిటినీ మూటగట్టి భద్రపరిచే పనొకటి ఆ పొద్దున్నుంచి అదే డిస్కు మీద నడుస్తోంది. అది క్రెడిట్లన్నీ ఊడ్చేసింది. దాన్ని ఆపాం, డిస్కు రకం మార్చాం. డిస్కు మార్చడానికి సర్వర్ ఆపక్కర్లేదు. పావుగంటలో ఒక నిమిషం అంకె 3కి దిగింది. పదిహేను నిమిషాల అంకె మాత్రం ఇంకా 20 చూపిస్తూనే ఉంది, పసుపు మరక కదా. పదహారు కోర్లకి మార్చి ఉంటే? పదహారు కాటాలూ ఖాళీగా ఉండేవి, అంతే.

మర్నాడు పదింటికి నిద్ర లేచేసరికి నాన్న ఫోన్. "ఒరే, ఓపాలి మిల్లుకాడికి రా. ఈలు ఏటో సర్వరంటన్నారు. నీకు తెలస్తాది కదా."

మాకు మడ్డువలస కాలవ కింద నాలుగెకరాలు. శ్రీకాకుళం సన్నాలు వేస్తాం. రాగోలు పరిశోధన స్థానం వాళ్లు తెచ్చిన రకం, మా వైపు నేలకి అలవాటైన పంట. ఆ రోజు ట్రాక్టరు మీద 100 బస్తాలు, బస్తాకి 40 కిలోలు. ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,300 రూపాయలు. అంటే 92,000 రూపాయలు టార్పాలిన్ కింద కూర్చున్నాయి. పైన ఆకాశం మబ్బు పట్టి ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెబుతున్నారు. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. మాది ముందురోజు 16 వచ్చింది. ఒక్క రాత్రి చెమ్మ తగిలితే ఆ ఒక్క శాతం ఎటుపోతుందో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్లి చూద్దును కదా, మిల్లు గేటు ముందు రోడ్డు వార ముప్పైకి పైగా ట్రాక్టర్లు. లోపల కాటా ఖాళీ. దించే కూలీలు చెట్టుకింద కూర్చుని పేకాడుకుంటున్నారు. మిల్లు యజమాని గుమస్తాని అడిగితే "మేం దించుకోడానికి రెడీయే బాబూ, ట్రక్ షీట్ రావాలి" అన్నాడు. రోడ్డు మీదున్న రైతుల లెక్కలో మాత్రం తప్పంతా మిల్లుదే, లేదంటే కూలీలది. "ఇంకో పది మందిని పెట్టి దించొచ్చు కదా" అని ఒకాయన అరుస్తున్నాడు. రాత్రి మా మేనేజర్ గుర్తొచ్చాడు.

అక్కణ్నుంచి కొనుగోలు కేంద్రానికి వెళ్లాం. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్నది మా వీధి అమ్మాయే. డిగ్రీ చదివింది, నాకు చెల్లి వరస. నాన్న వెళ్తూనే గొంతు పెంచాడు.

"ఏటమ్మా, నిన్నట్నుంచీ తిరుగుతున్నం. సీటీ ఎప్పుడిస్తావు? నీకు సేత కాకపోతే సెప్పు, ఇంకొకల్ని పెడతారు."

"నానేటి సేసీది పెదనాన్నా? నొక్కుతునే ఉన్నాను. రావట్నేదు."

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. పొద్దున్నుంచి ఆ మాట ఎంతమందితో అనిపించుకుందో! ఇంటికి పోవడానికి లేదు, పని అవ్వడానికీ లేదు. తిడితే పడాలి. నాకు తెర మీద రాత్రి చూసిన ఆ ఒక్క అక్షరమే గుర్తొచ్చింది.

తెర చూపించమన్నాను. గుండ్రం తిరిగి తిరిగి ఒక సందేశం వస్తోంది. ఆ మిల్లు పేరు మీద పరిమితి పూర్తయిందని దాని సారాంశం. అదీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. వెనకాల నిలబడ్డ పాతిక మందికీ అది 'సర్వర్ డౌన్' కిందే లెక్క. అసలు సంగతి ఏంటంటే ప్రభుత్వ ధాన్యం దించుకునే మిల్లరు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. ఆ గ్యారంటీకి తగ్గ మేరకే ఆ మిల్లుకి ధాన్యం కేటాయిస్తారు. మేర నిండిపోతే మళ్లీ గ్యారంటీ కట్టేదాకా ఆ మిల్లు పేరు మీద ట్రక్ షీట్ పుట్టదు. కాటా ఎంత ఖాళీగా ఉన్నా, కూలీలు ఎంతమంది ఉన్నా ఒకటే. క్రెడిట్లు అయిపోయిన డిస్కు.

నాన్నకి విడమరిచి చెప్పాను. ముందు నమ్మలేదు. "మరి ఆ మాట ముందే సెప్పొచ్చు కదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వెనకాల ఉన్నవాళ్లలో ఒక కుర్రాడు ఫోన్ తీసి గ్యారంటీ ఉన్న మిల్లు ఇంకేదైనా ఉందేమో కనుక్కోవడం మొదలుపెట్టాడు. గొడవ కేంద్రం మీంచి మిల్లర్ దగ్గరకి మళ్లింది. ఆ అమ్మాయికి ఎవరో టీ తెప్పించారు. మా ట్రక్ షీట్ శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి వచ్చింది, పదిహేను కిలోమీటర్ల అవతల మరో మిల్లు పేరు మీద. ఈలోగా రెండు రోజుల ట్రాక్టరు వెయిటింగ్ మా నాన్న జేబులోంచే పోయింది. తేమ 17 దగ్గర ఆగింది, మా అదృష్టం. మా వెనకాల రెండో ట్రాక్టరుది 19 వచ్చింది. ఆయన ఎన్ని కిలోలు వదులుకున్నాడో నేను అడగలేదు.

లినక్స్ కెర్నల్‌లో ఈ లోడ్ లెక్క రాసిన ఫైలు తెరిస్తే పైనే ఒక వ్యాఖ్య ఉంటుంది. ఇదొక వెర్రి అంకె, కానీ జనం దీన్ని ముఖ్యమనుకుంటారు అని దాని భావం. రాసినవాళ్లే అలా అనుకున్నారు! నేనైతే వెర్రి అంకె అనను. ఎంతమంది ఆగారో అది సరిగ్గానే చెబుతుంది. ఎందుకు ఆగారో చెప్పదు. చెబుతుందని మనమే అనుకుంటాం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే మెషిన్‌లో పది కంటెయినర్లు నడుస్తుంటే, మామూలుగా ఏ కంటెయినర్లోంచి చూసినా మొత్తం మెషిన్ లోడే కనబడుతుంది. పక్కింటి పెళ్లి జనాన్ని మన ఇంటి చుట్టాల్లో కలిపి లెక్కేసినట్టు.

ఈ లోటు తెలిసే 2018 చివర్లో వచ్చిన 4.20 కెర్నల్‌లో 'ప్రెషర్ స్టాల్' అనే కొత్త కొలత పెట్టారు. సీపీయూ కోసం ఆగిన సమయం ఎంత, మెమరీ కోసం ఎంత, డిస్కు కోసం ఎంత అని విడివిడిగా శాతాల్లో చెబుతుంది. పేకాట ఆడుతున్న కూలీల్ని తిట్టాలా, బ్యాంకు గ్యారంటీ గురించి అడగాలా అన్నది అది చూస్తే తేలిపోతుంది. పాత సర్వర్లలో అది లేకపోతే 'వీఎమ్‌స్టాట్' ఉండనే ఉంది. మొదటి రెండు నిలువు వరసలు చూస్తే చాలు. 'ఆర్' కింద ఎక్కువుంటే కాటాలు చాలట్లేదు. 'బి' కింద ఎక్కువుంటే కాటాల జోలికి పోకుండా డిస్కు వైపు నడవండి.

జనవరిలో మా టీమ్ ఎలర్ట్‌లు మార్చాం. ఇప్పుడు లోడ్ ఒక్కటే పెరిగితే ఎవరికీ ఫోన్ మోగదు. లోడ్‌తో పాటు డిస్కు ప్రెషర్ కూడా పెరిగితే మోగుతుంది. మెసేజ్‌లోనే 'డి'లో ఎన్ని ఉన్నాయి, ఏ డిస్కు దగ్గర, క్రెడిట్లు ఎంత మిగిలాయి అన్నవి కూడా వస్తాయి. చిన్న అక్షరాల్లో కాదు, మొదటి లైన్లోనే. కాంట్రాక్టు కుర్రాళ్లు ఇద్దరూ ఇంకా టీమ్‌లో ఉన్నారు. ఆ ఎలర్ట్ రాసింది వాళ్లే.

సంక్రాంతికి ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది, అమ్మకి అరిసెలు ఇవ్వడానికి. నేను ల్యాప్‌టాప్ ముందున్నాను. తెర మీద అంకెలు చూసి ఏంటివని అడిగితే ఇదంతా చెప్పాను. కాటాలు, 'ఆర్', 'ఎస్', 'డి' అన్నీ. చాలా త్వరగా పట్టేసింది. మా ట్రైనింగ్ బ్యాచ్‌లో సగం మంది కన్నా త్వరగా. తర్వాత కాసేపు ఆలోచించి అడిగింది.

"మరి మా కేంద్రం సర్వర్లో కూడా అప్‌టైమ్ అని కొడితే తెలిసిపోద్దా అన్నయ్యా?"

"తెలుస్తుందమ్మా. కానీ మనల్ని కొట్టనివ్వరు" అన్నాను.